దీపాలకు కట్టిన గంతలు

నవంబరు 4, సోమవారం

ముందుగా చేతిరాతకు మన్నించాలి. తప్పులకు కూడా. ఎవరు మన్నించాలో తెలియదు, ఈ పుస్తకం నేను ఎవరికీ చూపించబోవడం లేదు. ఓల్డ్‌వాల్ ఊరి బడిలో మాకు రాయడమంటే ఉత్తరం రాయడమే. చేతిరాత బాగాలేదు మన్నించండి అని మొదలుపెట్టాలి, త్వరగా జవాబు రాయండి అని ముగించాలి. మధ్యలో ఏం రాయాలో నేర్పేలోగా నాకు పదిహేనేళ్ళు నిండాయి, గ్యారేజీలో చేరిపోయాను.

ఇప్పుడు డెబ్బై ఏడు. పేరు క్లెమ్ హాగ్‌బెన్. నా పుస్తకంలో నా పేరు నేనే రాసుకోవడం ఏమిటో.

హెదర్ వచ్చింది. మా అన్న డగ్ కూతురు. వాళ్ళమ్మను, అంటే మా ఏవిస్ వదినను, కొండ మీది ఆసుపత్రికి మార్చారట. ఇక ఇంటికి పంపని ఆసుపత్రి. క్రిస్మస్ దాకా ఉంటుందని డాక్టరు అనలేదట. ఉండదనీ అనలేదట.

లేవబోతూ ఇంకో మాట చెప్పింది.

"చిన్నాన్నా, అమ్మ నాన్న పక్కన వద్దంటోంది. వేరే చోటు చూడమంది. ఆ రాయి మీద తన పేరు చెక్కిస్తే దెయ్యమై వచ్చి నా వంటింట్లో గిన్నెలన్నీ పగలగొడుతుందట."

నవ్వుతూనే చెప్పింది. తర్వాత ముక్కు చీదుకుంది.

చర్చి ఆవరణలో డగ్ సమాధి రాయి కుడి సగం ముప్పై ఎనిమిదేళ్ళుగా ఖాళీ. వదిన కోసం వదిలింది. ఆ చుట్టూ గడ్డి కోసేది నేనే.

టీ ఇచ్చాను.

నవంబరు 5

ఏటా ఈ రాత్రికి మా ఊరంతా మంటలు, టపాసులు. పిల్లి మంచం కింద నుంచి బయటికి రాలేదు.

నవంబరు 7, గురువారం

బస్సులో వెళ్ళి వదినను చూశాను. మనిషి సగమైంది. చూపు దాదాపు పోయింది, నోరు మాత్రం అలాగే ఉంది.

"టోపీ తీసి కూర్చో క్లెమ్. ఇది బస్టాపు కాదు."

"నా టోపీ నీకు కనబడిందా వదినా?"

"కనబడాలా? ఎవరూ చెప్పకుండా నువ్వెప్పుడు తీశావు గనక."

తీశాను. ద్రాక్షపళ్ళు బల్ల మీద పెట్టాను. మేమిద్దరం ఊరుకుంటే ఇబ్బంది ఉండదు. చివరికి తనే మొదలుపెట్టింది.

"హెదర్ చెప్పిందా?"

"చెప్పింది."

"మా నాన్న తాగొచ్చి అమ్మని ఏం చేసేవాడో నీకు తెలుసు. పక్కింటివాడివి, గోడలోంచి వినేవాడివి. అందుకే పెళ్ళికి ముందు డగ్‌ని ఒక్కటే అడిగాను. చుక్క ముట్టనని చేతిలో చెయ్యేసి చెప్పాడు. పధ్నాలుగేళ్ళు ముట్టలేదు కూడా. తర్వాత ఫ్రాన్సు వెళ్ళి తాగి, వ్యాను తీసుకెళ్ళి కాలువలో పెట్టాడు. పదకొండేళ్ళ పిల్లని నా చేతిలో పెట్టి. ఇప్పుడు నేను పోయి ఆ మనిషి పక్కన పడుకోవాలా, లోకం అంతమయ్యేదాకా?"

"విచారణలో ప్రమాదమన్నారు కదా వదినా. మరీ తాగి లేడన్నారు."

"భోజనంలో రెండు గ్లాసులు తాగాడనీ అన్నారు. వెంట వెళ్ళి చూసినవాడే చెప్పాడు. రెండు తాగినవాడు మూడు తాగడా? తాగకపోతే పుట్టి పెరిగిన రోడ్డు మీద, తన ఇంటికి అర మైలు దూరంలో, కాలువ ఎక్కడుందో కనబడకుండా పోయిందా?"

నా టోపీ ఒళ్ళో పెట్టుకుని తిప్పుతూ కూర్చున్నాను.

బస్సు నాలుగింటికి. చీకటి పడకముందే ఇంటికి చేరాను.

నవంబరు 9, శనివారం

హెదర్ కారు తెచ్చింది. వాళ్ళమ్మాయికి ఫ్రాన్సులో, లీల్ పట్నంలో, పాప పుట్టింది. వదిన ఒకటే పోరట, నాకు చూపు లేదు, నువ్వు వెళ్ళి చూసి ఎలా ఉందో నాకు చెప్పు అని. మంగళవారం ఫెర్రీ ఎక్కి గురువారానికి వచ్చేస్తుంది.

"కారు దీపాలకి అంటించే బిళ్ళలు కొన్నాను చిన్నాన్నా. ఈ కాగితం మీది బొమ్మ చూస్తే నా తల తిరుగుతోంది. మా ఆయన అంటించబోతే వద్దన్నాను. ఆయన గోడకి మేకు కొడితే పక్కింటి బల్బు ఆరిపోతుంది."

ప్యాకెట్టు చూశాను. బొమ్మ బాగానే ఉంది. అది కారుకి ఎదురుగా నిలబడి చూసినట్టు వేసిన బొమ్మ. జనం సీట్లో కూర్చుని చూస్తున్నట్టు అనుకుని కుడి ఎడమలు తారుమారు చేస్తారు.

నాకు బొమ్మతో పని లేదు. ఇంటి పక్కనున్న పాత గ్యారేజీ షెడ్డు తలుపులు మూసి, కారుని గోడకి ఇరవై ఐదు అడుగుల దూరంలో నిలబెట్టి, దీపాలు వేయమన్నాను. సున్నం కొట్టిన గోడ మీద వెలుతురు ఎప్పటిలాగే పడింది. కుడి వైపు బల్లపరుపుగా, ఎడమ వైపు చెయ్యెత్తినట్టు పైకి. మన దీపాలు ఎడమ గట్టుని చూపించడానికి అలా చేస్తారు. సముద్రం దాటితే రోడ్డుకి రెండో పక్కన నడపాలి, అప్పుడు ఆ ఎత్తిన వెలుతురు ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. అందుకని ఆ ముక్క వరకు మూసేస్తాం. సుద్దతో గోడ మీద గీత గీశాను, బిళ్ళ అంటించాను, ఎత్తిన చెయ్యి దిగిపోయింది. రెండో దీపానికీ అంతే.

హెదర్ గోడ దగ్గరికి వెళ్ళింది.

"ఈ పెన్సిలు గీత ఏంటి? పక్కన డి అని ఉంది."

"పాతది."

"నాన్న వ్యానుదా?"

"అప్పట్లో అందరివీ గీసేవాణ్ణి."

"మరి మిగతా వాళ్ళవి లేవే?"

"సున్నం కొట్టినప్పుడు పోయాయి."

దాని మీద మాత్రం ఎందుకు కొట్టలేదని అడగలేదు. మంచిపిల్ల.

వెళ్ళేటప్పుడు చెప్పాను, తిరిగొచ్చాక ఇంటికి పోవద్దు, ముందు ఇక్కడికి రా, విప్పేస్తాను అని. రెండుసార్లు చెప్పాను. కారు కదిలాక కిటికీ తట్టి మళ్ళీ చెప్పాను.

నవంబరు 10, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. ఒకసారి రాసేస్తే మనసు ఊరుకుంటుందేమో.

1981 ఫిబ్రవరి 21, శనివారం. డగ్ వ్యానులో ఫ్రాన్సు రేవు కలేకి వెళ్ళాడు, క్రికెట్ క్లబ్బు విందుకి వైన్ తేవడానికి. తనకి కాదు. ముందు రోజు గంతలు కట్టింది నేనే. అప్పట్లో ప్యాకెట్లు ఎవరు కొన్నారు, నల్ల టేపుని జున్ను ముక్కలా కోసి అంటించేవాణ్ణి. గంతలు అన్న పేరు పెట్టింది డగ్. గుర్రానికి కట్టినట్టు నా వ్యానుకి కడతావేంట్రా అనేవాడు. ఊళ్ళో సముద్రం దాటే ప్రతి బండికీ కట్టేది నేనే. పద్ధతి ఒకటి పెట్టుకున్నాం. తిరిగొచ్చినవాళ్ళు గ్యారేజీ ముందు ఆగి మూడుసార్లు హారన్ కొట్టాలి. నేను వచ్చి విప్పుతాను. మీరు ముట్టుకోవద్దు, అద్దం గీసుకుపోతుంది అని నేనే అందరికీ చెప్పేవాణ్ణి. విప్పకుండా మన రోడ్డు మీద నడిపితే ఎడమ గట్టు చీకటి. మా చిత్తడి నేలలో ఎడమ గట్టు అంటే కాలువే. రోడ్డుకీ నీళ్ళకీ మధ్య జానెడు గడ్డి.

డగ్ ఆ సాయంత్రం ఆగలేదు. ఇంటికి పోవాలని తొందర.

మర్నాడు పొద్దున వ్యాను కాలువలో కనిపించింది. గ్యారేజీ లారీతో బయటికి లాగింది నేనే. సీసాలన్నీ పగిలి ఒకటే వాసన. దీపాల మీద గంతలు లేవు. రాత్రంతా నీళ్ళలో ఉన్నాయి కదా, ఊడిపోయి ఉంటాయి.

అంతే జరిగింది.

నవంబరు 11

మనసు ఊరుకోలేదు.

నవంబరు 12, మంగళవారం

హెదర్ వెళ్ళింది. సముద్రం నిమ్మళంగా ఉందని రేడియోలో చెప్పారు. ఇన్ని బండ్లకి గంతలు కట్టాను. నేను ఒక్కసారీ దాటలేదు.

నవంబరు 13, బుధవారం

ఆ సాయంత్రం హారన్ ఒకటి వినబడినట్టే గుర్తు. వాన. రోడ్డు మీద పోయే ఎవరిదైనా కావచ్చు.

నవంబరు 14, గురువారం

మూడింటి నుంచి కిటికీ దగ్గరే ఉన్నాను. నాలుగు దాటాక చీకటి పడింది. రాలేదు. టీ పెట్టుకున్నాను, తాగలేదు. నాలుగున్నరకి బయట హారన్.

ఎలా వెళ్ళానో తెలియదు. మేజోళ్ళతోనే పరిగెత్తాను. గుమ్మం దగ్గర జారి మోకాలు కొట్టుకుంది. లేచి మళ్ళీ పరిగెత్తాను. కారు ముందు కూలబడి గోళ్ళతో బిళ్ళలు పీకేశాను. ఒక బిళ్ళ రాలేదు, పళ్ళతో పట్టి లాగబోయాను.

హెదర్ దిగింది.

"ఏంటి చిన్నాన్నా, పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టు ఆ పరుగేంటి? నేనెక్కడికి పోతాను? అయ్యో, రక్తం."

"చలికి రాదు ఇది. జిగురు బిగుసుకుంటుంది."

"ఏడుస్తున్నావా?"

"చలికి."

లోపలికి తీసుకొచ్చి మోకాలికి కట్టు కట్టింది. ఫోనులో పాప ఫొటో చూపించింది. నుదురు మన హాగ్‌బెన్ల నుదురే, పలకలా. నాన్న చూస్తే ఎంత మురిసేవాడో అంది. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ ఒక్క క్షణం తలుపు తీసినట్టే ఉంది.

బిస్కెట్లు కావాలా అని అడిగాను.

నవంబరు 15, శుక్రవారం

ఆదివారం రాసింది అబద్ధం. నా పుస్తకంలో నాకే అబద్ధం చెప్పుకున్నాను.

డగ్ ఆగాడు.

నన్నూ కలే తీసుకెళ్తానని రెండు వారాల ముందే మాటిచ్చాడు. గ్యారేజీ యజమానిని అడిగి సెలవు పెట్టుకున్నాను. తెల్లవారకుండానే గడ్డం గీసుకుని, డగ్ పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకుని నిలబడ్డాను. వ్యాను ముందు సీట్లో క్లబ్బు కార్యదర్శి ఉన్నాడు.

"ఈసారికి కుదరదురా క్లెమ్. ఆయన వస్తానన్నాడు. నువ్వొస్తే అక్కడ కనబడ్డ ప్రతివాడికీ సారీ చెప్పుకుంటూ తిరుగుతావు, పడవ తప్పిపోతుంది" అన్నాడు డగ్.

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోటు విప్పి పనిలోకి వెళ్ళాను. సెలవెందుకు వదులుకున్నావని అందరూ అడిగారు.

సాయంత్రం ఆరుంపావుకి గ్యారేజీ మూసి వెనక గదిలో టీ తాగుతున్నాను. వాన. మూడు హారన్లు. అది డగ్ హారనే, ఆ వ్యాను హారన్‌కి జలుబు చేసిన గొంతు. కార్యదర్శిని వాళ్ళ ఊళ్ళో దింపి ఒక్కడే వచ్చాడు.

ఉండనీ అనుకున్నాను. కాసేపు వానలో ఉండనీ. లేచి గదిలో దీపం ఆర్పాను.

"క్లెమ్, ఉన్నావా?" అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాట రాయాలి. కోపంగా అనలేదు.

మళ్ళీ మూడు కొట్టాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి అర మైలు.

నవంబరు 16

ఇంకొకటి ఉంది. రేపు రాస్తాను.

నవంబరు 17, ఆదివారం

గంతలు నీళ్ళలో ఊడిపోలేదు. నా టేపు నీళ్ళకి ఊడదు.

వ్యానుని గట్టు మీదికి లాగేసరికి పోలీసాయన అంబులెన్సు వాళ్ళతో మాట్లాడుతున్నాడు. డగ్ మీద దుప్పటి కప్పారు. నేను వ్యాను ముందుకి వెళ్ళి వంగి, రెండూ పీకి జేబులో పెట్టుకున్నాను. పోలీసాయన వచ్చి దీపాలు చూసి బాగానే ఉన్నాయని రాసుకున్నాడు. విచారణలో నన్ను అడిగారు, దీపాలు సరిగా ఉన్నాయా అని. తల ఊపాను. నాకు సిగ్గెక్కువని అందరికీ తెలుసు కనుక నోటితో చెప్పమని ఎవరూ పట్టుపట్టలేదు.

ఇక మిగిలింది వైన్ వాసన ఒక్కటే. ఊరు దాన్ని పట్టుకుంది. వదినా దాన్నే పట్టుకుంది.

ఆ రెండు ముక్కలూ పొగాకు డబ్బాలో ఉన్నాయి. అల్మారా పై అరలో. జిగురు ఎండిపోయింది, ఆకారం పోలేదు.

నవంబరు 18, సోమవారం

చెప్పడానికే వెళ్ళాను. డబ్బా కోటు జేబులో ఉంది.

హెదర్ పాప గురించి చెప్పిందంతా వదిన నాకు మళ్ళీ చెప్పింది. వేళ్ళు పొడుగట. ఏడుపు మేకపిల్లదట. మాట మాటకీ ఆయాసం. నేను జేబులో డబ్బా మూత తీస్తూ మూస్తూ ఉన్నాను.

"ఏంటా చప్పుడు?"

"ఏం లేదు వదినా. డగ్ గురించి ఒకటి..."

"డగ్ ఊసెత్తకు. అన్నని వెనకేసుకు రావడానికి వచ్చావా?"

"కాదు."

"నువ్వు రావులే. నీకది చేతకాదు." చెయ్యి చాపి నా మణికట్టు వెతికి పట్టుకుంది. "మీ ఇంట్లో నాతో ఒక్క అబద్ధం కూడా ఆడనివాడివి నువ్వొక్కడివే. నోరు విప్పితే కదా ఆడ్డానికి."

నవ్వింది. దగ్గొచ్చింది. నర్సు వచ్చి ఇక చాలన్నది.

ఎంత తేలికైపోయిందో, ఆ చెయ్యి.

నవంబరు 19

రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 20, బుధవారం

హెదర్ ఫోను చేసింది. శుక్రవారం ఫాదరు వదిన దగ్గరికి కాగితం తెస్తున్నారట. సముద్రం వైపు కొత్త శ్మశానంలో చోటు. వదిన సంతకం పెడితే ఇక మార్చరు.

"ఒక్కసారి నువ్వు చెప్పి చూడు చిన్నాన్నా. నీ మాటంటే అమ్మకి గురి."

చర్చి దగ్గరికి వెళ్ళాను. నవంబరులో గడ్డి పెరగదు, అయినా వెళ్ళాను. రాయి ఖాళీ సగం మీద నాచు పట్టింది. గోటితో గీకాను. గీకుతుంటే వేలికి ఆ టేపు జిగురు గుర్తొచ్చింది. అక్కడే కూర్చున్నాను. లేవడానికి ఇంకొకరి గోరీ పట్టుకోవాల్సి వచ్చింది.

నోటితో చెప్పలేను. ఇప్పుడు తెలిసింది. ఇంకా పదేళ్ళు ఇచ్చినా చెప్పలేను.

నవంబరు 21, గురువారం

బడిలో నేర్పిందే వచ్చు. ఉత్తరం. తప్పులు చూసుకోవడానికి ముందు ఇందులో రాస్తున్నాను, తర్వాత మంచి కాగితం మీదికి ఎక్కిస్తాను. వదినకి చూపు లేదు. చదివేది హెదర్. చదువుతూ చదువుతూనే దానికీ తెలుస్తుంది. ఇంకో దారి వెతికాను, లేదు. హెదర్ సాయంత్రం నాలుగింటికి వచ్చి ఉత్తరం తీసుకెళ్తానన్నది. ఏముందో చెప్పలేదు.

ఏవిస్ వదినకు,

చేతిరాత బాగాలేదు, మన్నించు. తప్పులు కూడా.

డగ్ కాలువలో పడింది తాగినందుకు కాదు. నేను దీపాలకి కట్టిన గంతలు అలాగే ఉన్నాయి. ఎడమ గట్టు అతనికి కనబడలేదు. విప్పించుకోవడానికి ఆగాడు, మూడేసిసార్లు రెండు మార్లు హారన్ కొట్టాడు, పేరు పెట్టి పిలిచాడు. నేను లోపలే ఉన్నాను. పొద్దున నన్ను వదిలేసి వెళ్ళాడని కోపంతో దీపం ఆర్పుకుని కూర్చున్నాను. మర్నాడు గంతలు పీకి దాచాను. అవి ఈ డబ్బాలో ఉన్నాయి. హెదర్ నీ చేతిలో పెడుతుంది, అంచులు తడిమి చూడు. జున్ను ముక్క ఆకారం. అవి నేను కోసినవే.

రెండు గ్లాసులు తాగిన మాట నిజమే. అది నేను కాదనలేను. నీకిచ్చిన మాట అంతవరకు తప్పాడు. మిగతాది తన తప్పు కాదు. ఇంటికే వస్తున్నాడు.

నీతో అబద్ధం ఆడనివాణ్ణని సోమవారం అన్నావు. ముప్పై ఎనిమిదేళ్ళు నీ వంటింట్లో కూర్చుని నువ్వు పోసిన టీ తాగి, అతన్ని తిడుతుంటే విన్నాను. అది అబద్ధం కాకపోతే మరేమిటో నాకు తెలియదు.

హెదర్, ఇది చదువుతున్నావు కదా. నీకు వేరే ఉత్తరం రాయడం నాకు రాలేదు. ఇదే నీకూ.

నన్ను మన్నించమని అడగడం లేదు వదినా. నేను పోయాక నన్ను ఎక్కడ పెట్టినా పరవాలేదు. రేపు ఫాదరు కాగితం తెస్తారు. రాయి ఖాళీ సగం నేను శుభ్రం చేశాను. నీ పేరు చెక్కించమంటావా, వద్దా, ఆ ఒక్కటే చెప్పు. పెద్దగా ఏమీ అక్కర్లేదు, ఒక్క మాట చాలు, హెదర్ రాస్తుంది. వద్దన్నా సరే, తిట్టినా సరే. దానికి నాతో మాట్లాడాలని లేకపోతే ఇంట్లోకి రానక్కర్లేదు. బయట హారన్ కొట్టి చీటీ గుమ్మం దగ్గర పడేసి వెళ్ళమను. నేను కిటికీ దగ్గరే ఉంటాను.

త్వరగా జవాబు పంపు వదినా. త్వరగా.

క్లెమ్